తాత రివాల్వర్ తోడొస్తుందా?

పానగల్: ఇనుప పెట్టె అడుగున నూనె గుడ్డలో చుట్టి పెట్టిన తాత కాలపు పొట్టి రివాల్వర్‌ను మనుమడు నిత్యం నడుముకు కట్టుకుని తిరగవచ్చునా? ఒకప్పుడు పాలమూరు పల్లెల్లో ఈ ప్రశ్న వేసేవారే లేరు. తుపాకీ ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో ఉండేవి. అవీ దొర ఇల్లో, పటేల్ ఇల్లో అయి ఉండేవి. ఇప్పుడు పరిస్థితి వేరు. భూముల ధరలు పెరిగాయి, వాటితో పాటే గట్టు తగాదాలూ పెరిగాయి. స్థలాల క్రయవిక్రయాలు చేసేవారు, రైసు మిల్లుల యజమానులు, మద్యం దుకాణాల నగదును రాత్రిపూట తరలించేవారు ఆయుధం గురించి ఆరా తీస్తున్నారు. కొత్తది కొనాలంటే లక్ష దగ్గర మాట. ఇంట్లో పాతది ఉండనే ఉంది. పైగా అది విదేశీ సరుకు, గొట్టం పొట్టిగా ఉండి చొక్కా కింద దాగిపోతుంది. అటువంటప్పుడు వేరే వెతకడం ఎందుకన్నది వారి వాదన.

వినడానికి ఈ వాదన సబబుగానే తోస్తుంది. అయితే పాత రివాల్వర్ ఎంపికలో మనిషి ఇష్టానికి మిగిలేది అతి స్వల్పం. ఏ బోరు ఉండవచ్చునో చట్టం నిర్ణయిస్తుంది. ఏ తూటా దొరుకుతుందో ప్రభుత్వ కర్మాగారం నిర్ణయిస్తుంది. ఎంత కాలం పనిచేస్తుందో లోపలి ఉక్కు నిర్ణయిస్తుంది. ఈ మూడింటినీ దాటి వచ్చిన ఆయుధం కూడా ఆపద వేళ అక్కరకు వస్తుందా అన్నది వేరే లెక్క. వారసత్వంగా వచ్చిన రివాల్వర్‌ను బెల్టుకు తగిలించుకునే ముందు ఈ లెక్కలన్నీ చూసుకోవలసిందే. ఒక్కటి తప్పినా ఎదురయ్యేది దొంగ కాదు, పోలీసు కేసు.

కోట నీడలో...

పానగల్‌కు ఆయుధాలు కొత్త కావు. ఏడు ప్రాకారాలు, నడుమ బాలాహిస్సార్‌తో గుట్టపై నిలిచిన ఈ కోట కోసం 1417 ప్రాంతంలో ఫిరోజ్‌షా బహమనీ విజయనగర సేనలతో తలపడి భంగపడ్డాడు. తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీలు వచ్చారు. నిజాం అలీఖాన్ 1786 నుంచి 1789 వరకు ఇక్కడ విడిది చేశాడు. పొరుగున వనపర్తి సంస్థానాధీశులు పోషించిన ఆఫ్రికన్ ఆశ్విక దళం చివరకు నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో నేటికీ ఏసీ గార్డ్స్ అని పిలుచుకునే బస్తీకి ఆ దళం పేరే మిగిలింది.

ఆ కాలపు కత్తులు, కట్టు తుపాకులు గడీల గోడలకు అలంకారాలుగా మిగిలాయి. పొట్టి రివాల్వర్ ఆ వరుసలో చివరగా వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ సంస్థ 1872లో జేబులో పట్టే బుల్‌డాగ్ రివాల్వర్‌ను తయారు చేసింది. బ్రిటిష్ సామ్రాజ్యం నలుమూలలకూ అది వ్యాపించింది. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1927లో డిటెక్టివ్ స్పెషల్‌ను, స్మిత్ అండ్ వెస్సన్ 1950లో చీఫ్స్ స్పెషల్‌ను విడుదల చేశాయి. రెండంగుళాల గొట్టంతో సినిమాల్లో డిటెక్టివుల చేతుల్లో మెరిసేవి ఈ రకాలే. సంస్థానాల కుటుంబాలు, పెద్ద భూస్వాములు, సైన్యంలో అధికారులుగా పనిచేసి వచ్చినవారి ద్వారా ఇటువంటివి మన ప్రాంతానికీ చేరాయి. 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ దొరల ఇళ్ల నుంచి దళాలు మొదట ఎత్తుకుపోయినవి తుపాకులే. ఆయుధం ఉన్న ఇంటికి ఆయుధం కోసమే ముప్పు వస్తుందన్న సంగతి ఈ నేలకు ఆనాడే అనుభవంలోకి వచ్చింది.

1980 దశకం నుంచి విదేశీ ఆయుధాల దిగుమతిపై ఆంక్షలు బిగిశాయి. కొత్తవి రావడం ఆగడంతో ఉన్న పాతవాటికి గిరాకీ పెరిగింది. అమెరికాలో పాత సామాను కింద లెక్కకట్టే రివాల్వర్ ఇక్కడ లైసెన్సుదారుల మధ్య లక్షల్లో చేతులు మారుతోంది. ఈ ధర ఆయుధం గొప్పతనానికి కొలమానం కాదు, దొరకకపోవడానికి మాత్రమే కొలమానం. కొనుగోలుదారులు తరచూ పొరబడేది ఇక్కడే.

చట్టం అడిగే మొదటి మాట

1959 నాటి ఆయుధాల చట్టం అన్ని తుపాకులనూ ఒకే గాటన కట్టలేదు. ఆత్మరక్షణకో, క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నటి తుపాకీ కావాలన్నా, పంట కాపలాకు ముందు నుంచి మందు దట్టించే తుపాకీ కావాలన్నా 13వ సెక్షన్ కాస్త ఉదారంగానే ఉంది. రివాల్వర్ విషయానికి వచ్చేసరికి మాట మారుతుంది. తగిన కారణం ఉందని అధికారి సంతృప్తి చెందాలి. అడవి పందుల బెడద చూపి రివాల్వర్ అడిగితే కుదరదు. పొట్టి రివాల్వర్‌తో అడవి పందికి గురి పెట్టాలనుకునేవాడు పందిని ఎన్నడూ దగ్గరగా చూసి ఉండడు.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. పోలీసు విచారణ నివేదిక కావాలి. 2016 నాటి ఆయుధాల నియమావళి వచ్చాక ఆయుధాన్ని సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉన్నట్లు హామీ కూడా అవసరమయ్యాయి. పానగల్ మండలం 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లాలో చేరింది. అంతకు ముందు మహబూబ్‌నగర్‌కు వెళ్లవలసిన ఈ పనికి ఇప్పుడు వనపర్తి కలెక్టరేట్‌కు వెళ్తే చాలు. దూరం తగ్గిందే గాని విచారణ తగ్గలేదు.

వారసులకు నియమావళిలోని 25వ నిబంధన ఒక దారి చూపింది. లైసెన్సుదారు మరణిస్తే చట్టబద్ధ వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, లేక ఆయుధం తన వద్ద ఉంచుకుని పాతికేళ్లు దాటినా, బతికి ఉండగానే తాను సూచించిన వారసుడికి అప్పగించే వీలుంది. చాలా కుటుంబాలకు ఈ రెండో మార్గం తెలియదు. పెద్దాయన ఉన్నంత కాలం ఆయన పేరే ఉండాలన్న గౌరవంతో ఊరుకుంటారు. ఆయన పోయాక దినవారాలు, పంపకాలు, పాలివారి పంచాయితీల నడుమ రివాల్వర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. లైసెన్సు ఆయనతోనే ముగిసింది. ఆయుధం మాత్రం పెట్టెలో ఉంది. ఆ నాటి నుంచి ఆ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధమే. 2019 డిసెంబరులో వచ్చిన సవరణ ప్రకారం అందుకు రెండు నుంచి ఐదేళ్ల జైలు శిక్ష పడవచ్చు. తాతగారి జ్ఞాపకం అన్న సమాధానం కోర్టులో నిలబడదు.

ఆ సవరణే మరో రెండు మార్పులు తెచ్చింది. ఒకరి వద్ద మూడు ఆయుధాల వరకు ఉండవచ్చన్న పరిమితిని రెండుకు కుదించింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. దేశవ్యాప్త జాబితాలో నమోదై ప్రత్యేక గుర్తింపు సంఖ్య పొందని పాత పుస్తకాలకు విలువ లేదు. చేతిరాతతో, రాజముద్ర వెలిసిపోయి, చెదలు తిన్న అంచులతో కనిపించే పాత లైసెన్సు పుస్తకాన్ని చూసి ధీమా పడేవారు ఈ సంఖ్య ఉందో లేదో ముందు చూసుకోవాలి.

పురాతన వస్తువు కదా, లైసెన్సు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. చట్టంలోని 45వ సెక్షన్ పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కాని అది ఉన్నదున్నట్లుగానో, మరమ్మతు చేశాకనో తుపాకీగా పనికిరానిదై ఉండాలన్నది అందులోని షరతు. నడుముకు కట్టుకోవాలనుకునేవాడికి పేలే రివాల్వర్ కావాలి. పేలేదైతే మినహాయింపు లేదు. మినహాయింపు కావాలంటే అది గోడకు వేలాడే ఇనుప ముక్క అయి ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు.

ఏ 38? ఏ 32?

వారసత్వ రివాల్వర్‌లో అసలు చిక్కు గొట్టం మీద చెక్కిన అంకెల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లలో అధిక భాగం పాయింట్ 38 బోరువి. అంతకు ముందటి పెద్ద వెబ్లీలు పాయింట్ 455వి. సినిమాల్లో కనిపించే డిటెక్టివ్ స్పెషల్, చీఫ్స్ స్పెషల్ కూడా ప్రధానంగా 38వే. మన దేశంలో ఇవన్నీ నిషిద్ధ బోరు కిందకు వస్తాయి. 9 ఎంఎం పిస్తోలు, 303 రైఫిల్ కూడా ఈ కోవలోవే. పోలీసులు, సైన్యం వాడే తూటాలు బయటివారి చేతికి చిక్కరాదన్నది దీని వెనుక ఉద్దేశం. నిషిద్ధ బోరుకు లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా కలెక్టర్‌కు లేదు. అది కేంద్ర హోంశాఖ చేతిలో ఉంది. అనుమతి లేకుండా అటువంటిది దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తరువాత ఏడేళ్లకు తగ్గని, పద్నాలుగేళ్ల వరకు పొడిగించదగిన శిక్ష ఉంది. పాత పుస్తకంలో గుమస్తా రివాల్వర్ ఒకటి అని మాత్రమే రాసి ఊరుకుంటే, ఇంట్లో ఉన్నది ఏ బోరుదో తెలియకుండానే ఒక తరం గడిచిపోయే ప్రమాదం ఉంది. పెట్టెలోంచి తీసి చూడవలసిన మొదటి విషయం అదే.

సామాన్య లైసెన్సుదారుకు మిగిలేది పాయింట్ 32. పాత పొట్టి రకాల్లో కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్, వెబ్లీ కంపెనీలు ఈ బోరులోనూ తయారు చేశాయి. లైసెన్సుదారులు లక్షలు పోసి వెతికేవి వీటినే. అయితే 32 అన్నవన్నీ ఒకటి కావు. స్మిత్ అండ్ వెస్సన్ 1878లో ఒక పొట్టి 32 తూటాను తెచ్చింది. 1896లో దాన్నే పొడిగించి లాంగ్ అనే రకం తెచ్చింది. వీటితో సంబంధం లేకుండా బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలు తూటా 1899లో వచ్చింది. దానికీ 32 అనే పేరే. మన దేశంలో తయారయ్యే అశని పిస్తోలుకు వాడేది ఈ మూడో రకం. కాన్పూరు రివాల్వర్‌కు వాడేది రెండో రకం, లాంగ్.

మొదటి రకానికి చేసిన ముసలి రివాల్వర్‌లో లాంగ్ తూటా పూర్తిగా దిగదు. దిగేటట్లు గదులు తొలిపించి తెచ్చే ఘనులు లేకపోలేదు. నల్లమందు కాలంలో ఆ ఒత్తిడికి తగినట్లు పోసిన ఉక్కు అది. దానిలో పొగ లేని మందు నింపిన నేటి తూటా పేల్చడమంటే అరచేతిలో చిన్న బాంబు పట్టుకోవడమే. ఇక మూడో రకం పిస్తోలు తూటా కొన్ని పాత రివాల్వర్లలో ఎలాగో జొరబడుతుంది. జొరబడినంత మాత్రాన అది దానికోసం చేసినదని అర్థం కాదు. పిస్తోలు తూటా ఒత్తిడి ఎక్కువ. గొట్టం మీద 32 అని ఉంది, డబ్బా మీద 32 అని ఉంది, ఇంకేం కావాలని అడిగేవారికి చెప్పవలసిన సమాధానం ఇదే. గొట్టం మీద అంకె తరువాత ఉన్న మాటలను కూడా చదవాలి. పాత కోల్ట్ మీద 32 పోలీస్ అని ఉంటే లాంగ్ తూటా సరిపోతుంది. 32 అని ఊరుకుంటే ఆయుధ నిపుణుడి చేత కొలిపించాలి.

తూటాలు దొరకడం మరో సంగతి. లైసెన్సుదారుకు దిక్కు పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారం తూటాలే. హైదరాబాద్ డీలరు వద్ద నిల్వ ఉంటేనే దొరుకుతాయి. లైసెన్సులో రాసిన పరిమితికి మించి ఒక్కటి కూడా ఇవ్వరు. విదేశీ తూటా దొరికినా ధర చెప్పనలవి కాదు. దీనివల్ల ఏం జరుగుతోందంటే, లైసెన్సుదారు తన వద్ద ఉన్న కొద్దిపాటి తూటాలను అపురూపంగా దాచుకుంటున్నాడు, సాధనకు ఖర్చు చేయడం లేదు. ఏళ్ల తరబడి తోలు పటకాలో ఉండిపోయిన ఇత్తడి తూటాకు పచ్చని చిలుము పడుతుంది. లోపలి మందు చల్లబడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని శబ్దం వస్తుందే గాని తూటా కదలదు. అంతకన్నా చెడ్డది, మందు సగమే కాలి సీసపు గుండు గొట్టం మధ్యలో చిక్కుకోవడం. తెలియక వెంటనే రెండోసారి నొక్కితే గొట్టం చీలుతుంది.

ఉక్కుకూ వయసుంటుంది

డెబ్బై, ఎనభై ఏళ్ల రివాల్వర్‌ను చూడగానే పైపూత తళతళ చూసి మురిసిపోవడం సహజం. చూడవలసింది అది కాదు. ఖాళీ రివాల్వర్ సుత్తెను నెమ్మదిగా వెనక్కి లాగితే తూటాల చక్రం తిరిగి సరిగ్గా గొట్టానికి ఎదురుగా ఆగి బిగుసుకోవాలి. వేలితో అటూ ఇటూ కదిపితే ఆడకూడదు. చక్రంలోని గది గొట్టానికి ఎదురుగా రాకుండా పేలితే సీసపు ముక్కలు పక్కకు ఎగిరి పేల్చినవాడి చేతికో, పక్కనున్నవాడి కంటికో తగులుతాయి. వెబ్లీ వంటి నడుమ విరిచి నింపే రకాల్లో పై కొండీ వదులు కారాదు. గొట్టం లోపల గాడులు కనిపించాలి. తుప్పు గుంటలు కనిపిస్తే దాన్ని తిరిగి పెట్టెలో పెట్టడమే మేలు. వీటిని చూడవలసింది లైసెన్సు గల మరమ్మతుదారు. సంతలో మోటారు పంపులు బాగు చేసే మేస్త్రీ ఎంత నేర్పరి అయినా ఈ పనికి తగడు. అతడి చేత చేయించడం చట్టరీత్యా నేరం కూడా.

అన్నింటికన్నా ముఖ్యమైనది సుత్తె. పూర్వకాలపు రివాల్వర్లలో సుత్తె ముక్కు నేరుగా తూటా వెనుక ఆనుకుని ఉంటుంది. కింద పడితే, సుత్తె నేలకు తగిలితే, ట్రిగ్గర్ జోలికి ఎవరూ పోకుండానే పేలుతుంది. కోల్ట్ కంపెనీ 1905లో దీనికి లోపలి అడ్డుకట్ట ఒకటి అమర్చింది. పోలీస్ పాజిటివ్ అన్న పేరులోని పాజిటివ్ అన్న మాట ఆ అడ్డుకట్టను చెప్పేదే. స్మిత్ అండ్ వెస్సన్ యుద్ధ కాలంలో ఒక ప్రాణం పోయాక 1944లో తన అడ్డుకట్టను పటిష్ఠం చేసింది. అంతకు ముందటి రకం చేతిలో ఉన్నవాడు ఆరు గదుల్లో ఐదే నింపి, సుత్తె కింద గదిని ఖాళీగా ఉంచాలి. పాతకాలపు వాడకందారులకు ఇది అలవాటు. మనుమడికి ఎవరూ చెప్పి ఉండరు.

మన వాతావరణం సంగతి వేరే చెప్పాలి. వేసవిలో 42, 43 డిగ్రీలు కాసే ప్రాంతం ఇది. నడుముకు ఆనించి కట్టుకున్న ఉక్కుకు రోజంతా చెమట తగులుతుంది. చెమటలోని ఉప్పు నల్లపూతను తినేసి నెలల్లో తుప్పు పట్టిస్తుంది. నికెల్ పూత వేసినవి కొంత నయం. తోలు ఒరలో పెట్టి అలాగే బీరువాలో పడేయడం చాలామంది చేసే పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. రాత్రి ఒర నుంచి తీసి, తుడిచి, పలుచగా నూనె పూసి విడిగా పెట్టాలి. నిత్యం ఆయుధం పట్టుకుని తిరగడమంటే నిత్యం ఈ చాకిరీ చేయడమని ఎందరు గుర్తిస్తారు?

నడుముకు కట్టాక...

పంచె, లాల్చీ కట్టే పెద్దల నడుముకు రివాల్వర్ నిలవదు. మొలతాడు దాన్ని మోయదు. ప్యాంటు వేసేవారు జేబులో పడేసుకుంటారు. తాళంచెవులు, చిల్లర పైసలు ఉన్న జేబులో రివాల్వర్ పెట్టుకోవడం కన్నా తెలివితక్కువ పని ఉండదు. 2016 నియమావళి ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బయటకు తీసి చూపడం, ఝళిపించడం నిషిద్ధం. ట్రిగ్గర్‌ను కప్పే గట్టి ఒర తప్పనిసరి అవసరమని అనుభవజ్ఞుల మాట. గుంతల రోడ్డుపై మోటారు సైకిల్ జారి పడేవారికి, నడుము మీది ఆయుధం సుత్తె మీదే పడితే ఏమవుతుందో పైన చెప్పుకొన్నదే.

ఇక తిరిగే చోట్ల సంగతి. పానగల్, కొల్లాపూర్ ప్రాంతాల వారికి కర్నూలు దగ్గరి పట్టణం. వైద్యానికీ, సరుకుకూ నది దాటి వెళ్లడం తాతల నాటి అలవాటు. 2014 జూన్ 2 తరువాత ఆ ఒడ్డు మరో రాష్ట్రం. లైసెన్సు చెల్లుబాటు తెలంగాణకే పరిమితమై ఉంటే నది దాటిన క్షణం నుంచి అది లైసెన్సు లేని ఆయుధమే. రాయచూరు దారిలోనూ ఇంతే. కలెక్టరేట్, కోర్టు, బడి, ఆసుపత్రి, బ్యాంకు వద్ద గేటులోనే ప్రశ్న ఎదురవుతుంది. మోటారు సైకిల్ డిక్కీలో వదిలి లోపలికి వెళ్లేవాడు దొంగకు తన చేతులతోనే ఆయుధం అప్పగించినవాడవుతాడు. ఎన్నికల ప్రకటన రాగానే ఠాణాలో జమ చేయమని కబురు వస్తుంది. శాసనసభ, లోక్‌సభ, పంచాయతీ, పరిషత్తు ఎన్నికలన్నీ కలిపితే అది తరచూ జరిగే పని. గ్రామాల్లో తగాదాలు ముదిరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆయుధం ఆ రోజుల్లో ఠాణా గదిలో ఉంటుంది.

పెళ్లి బరాత్‌లలో గాల్లోకి పేల్చే సరదాకు 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పెట్టింది. 2022 ఆగస్టు 13న మహబూబ్‌నగర్‌లో స్వాతంత్ర్య వజ్రోత్సవ ర్యాలీలో అప్పటి మంత్రి ఒకరు పోలీసు తుపాకీతో గాల్లోకి పేల్చడం వివాదమైంది. అది రబ్బరు తూటా అని ఆయన వివరణ ఇచ్చారు. ఏ తూటా అయినా, చూసిన కుర్రకారు నేర్చుకునేది ఒకటే.

ఆపదలో అక్కరకు వస్తుందా?

ఈ రెండు జిల్లాలు ఆయుధబలాన్ని దగ్గరగా చూసినవే. భువనగిరికి చెందిన పంచాయతీరాజ్ మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి 2000 మార్చి 7న ఘట్‌కేసర్ వద్ద మందుపాతరకు బలయ్యారు. దేవరకొండ ఎమ్మెల్యే రాగ్యానాయక్‌ను 2001 డిసెంబరులో నక్సలైట్లు కాల్చి చంపారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. వీరు ప్రభుత్వ భద్రత పొందదగిన హోదాల్లో ఉన్న ప్రజాప్రతినిధులు. దాడి చేసేవాడు చోటూ, క్షణమూ ముందే ఎంచుకుంటాడు. ఎదుటివాడికి మిగిలేది ఒకటి రెండు సెకన్లు. ఆ వ్యవధిలో చొక్కా పైకెత్తి, ఒర విప్పి, బిగుసుకుపోయిన పాత ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కి గురి చూడడం నిత్య సాధన ఉన్నవారికే కష్టం. రెండంగుళాల గొట్టంతో గురి నాలుగడుగులు దాటితే గుండెధైర్యం మీద, పది అడుగులు దాటితే దైవం మీద ఆధారపడుతుంది. పానగల్ పరిసరాల్లో కాల్పుల సాధనకు చోటు లేదు. పొలంలో సీసాలు నిలబెట్టి పేల్చడం లైసెన్సు రద్దుకు దగ్గరి దారి.

ఆయుధం దొంగ మీద కన్నా కోపం మీద తొందరగా పేలుతుందనడానికి ఆదిలాబాద్ ఉదంతం చాలు. 2020 డిసెంబరు 18న అక్కడ పిల్లల క్రికెట్ ఆట వద్ద మొదలైన గొడవలో మున్సిపల్ మాజీ వైస్ చైర్మన్ ఒకరు తన లైసెన్సు ఆయుధంతో కాల్పులు జరిపారు. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు. 2022 జనవరిలో కోర్టు కాల్చిన వ్యక్తికి యావజ్జీవ శిక్ష విధించింది. అక్కడ నక్సలైట్లు లేరు, దోపిడీ దొంగలు లేరు. లైసెన్సు ఉంది, ఆయుధం నడుము మీద ఉంది, కోపం వచ్చింది. చేతిలో కర్ర ఉంటే నాలుగు కుట్లతో, ఊరి పెద్దల పంచాయితీతో ముగిసేది.

ఆత్మరక్షణ హక్కు లేదని ఎవరూ అనరు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆ హక్కును గుర్తించాయి. కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే బలం వాడాలన్న హద్దు కూడా అక్కడే ఉంది. గట్టు జరిపిన పాలివాడి మీద, అప్పు ఎగవేసిన భాగస్వామి మీద ఆ హక్కు పనికిరాదు. మన ప్రాంతంలో ఆయుధం గురించి ఆరా తీయించే తగాదాలు ఎక్కువగా ఇటువంటివే కావడం గమనార్హం.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఆలోచించవలసింది. పొట్టి రివాల్వర్ పిల్లల కంటికి ఆటబొమ్మ. దసరా, దీపావళికి కొనిచ్చే బిళ్లల తుపాకీకీ దానికీ వారికి తేడా తెలియదు. అప్పుల ఒత్తిడిలో ఉన్న ఇంట్లో అది మరింత ప్రమాదం. పురుగుమందు డబ్బాను అందకుండా దాచే ఇల్లాలు తలగడ కింది రివాల్వర్ సంగతి ఎవరితో చెప్పుకోగలదు?

కొత్తదైతే...

నిజంగా ప్రాణభయం ఉండి, పోలీసు విచారణలోనూ అది రుజువై, నిత్యం ఆయుధం దగ్గర ఉంచుకోవలసినవారు కొందరు ఉండవచ్చు. అటువంటివారికి తాత రివాల్వర్ కన్నా కొత్త దేశీయ రకమే మేలు. కాన్పూరు ఫీల్డ్ గన్ కర్మాగారం 2014 జనవరిలో టైటానియం మిశ్రమంతో నిర్భీక్ అనే 32 రివాల్వర్ తెచ్చింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తరువాత మహిళలను దృష్టిలో ఉంచుకుని చేసిన ఈ రకం బరువు సుమారు అర కిలో. అప్పటి ధర రూ.1.22 లక్షలు. ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరు 1న విడగొట్టాక ఏర్పడిన కాన్పూరు సంస్థ 2023లో ప్రబల్ అనే మరో రకాన్ని విడుదల చేసింది. అందంలో ఇవి పాత కోల్ట్ కాలి గోటికి సరితూగవన్నది నిజం. కాన్పూరు మొదటి 32 రివాల్వర్ అసలు పాత వెబ్లీ నమూనాకు నకలే. కాని దానికి విడిభాగాలు దొరుకుతాయి, దేశీయ తూటా దానికోసమే తయారవుతుంది, వయసు తెలుసు. నిత్యం మోయవలసిన ఆయుధానికి ఈ మూడూ చాలు. అరకొరగా పనిచేసే విదేశీ దర్జా కన్నా మోటుగా పనిచేసే నాటు సరుకే ఇక్కడ నయం.

దేశంలో 2016 చివరినాటికి 33.69 లక్షల ఆయుధ లైసెన్సులు ఉన్నాయని కేంద్ర హోంశాఖ లెక్క. అందులో ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. అక్కడ భుజాన తుపాకీ పెళ్లికొడుకు హోదాకు గుర్తు. తెలంగాణ పల్లె ఇంకా ఆ దారి పట్టలేదు. పట్టాలని కోరుకునేవారు మాత్రం కనిపిస్తున్నారు.

పెట్టెలో ఉన్నదాన్ని ఏం చేయాలి?

లైసెన్సుదారు మరణించిన ఇంట్లో మొదట చేయవలసినది ఆయుధాన్ని దాచడం కాదు, జమ చేయడం. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం సమీప పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. తీసుకెళ్లేముందు అందులో తూటాలు ఉన్నాయో లేదో తెలియకపోతే ఇంటివారు కెలకరాదు. ఠాణాకు కబురు చేస్తే తెలిసినవారు వచ్చి చూస్తారు. ఆ పైన వారసుడు మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగతా వారసుల సమ్మతితో వనపర్తి కలెక్టరేట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అన్నదమ్ముల్లో ఒకరు సమ్మతించకపోతే పని అక్కడే ఆగుతుంది. పొలం పంచుకున్నట్లు రివాల్వర్‌ను పంచుకోవడం కుదరదు కనుక ఈ సమ్మతిని దినవారాల నాడే రాయించుకున్నవారు బాగుపడతారు.

ఉంచుకునే ఉద్దేశం లేనివారు జమ చేసిన చోటి నుంచే లైసెన్సు ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చు. లైసెన్సుదారు నేరుగా అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కు గాని, ఠాణాకు గాని ముందుగా తెలిపి 45 రోజులు ఆగాలని ఐదో సెక్షన్ చెబుతోంది. జమ చేసిన ఆయుధాన్ని నిర్ణీత గడువులోగా విడిపించుకోకపోయినా, అమ్ముకోకపోయినా అది ప్రభుత్వపరమవుతుంది. ఆ గడువు ఎప్పటితో ముగుస్తుందో రసీదు తీసుకునే రోజునే ఠాణాలో అడిగి రాయించుకోవాలి.